ఒకే డ్రాప్‌డౌన్‌కి 300, 283, 285 వస్తున్నాయి: ఎలిమెంట్ సైజు దేనితో కొలవాలి?

లక్డీకాపూల్_డెవ్ | సోమవారం, ఉదయం 10:42

అందరికీ నమస్తే. హైదరాబాద్ మెట్రో, సిటీ బస్సుల రూట్లు వెతుక్కునే పేజీ ఒకటి చేస్తున్నాం. తెలుగు, ఇంగ్లిష్, ఉర్దూ మూడింటిలోనూ ఉండాలి. సెర్చ్ బాక్స్‌లో రెండు అక్షరాలు కొట్టగానే కింద స్టేషన్ల లిస్టు తెరుచుకుంటుంది. ఆ లిస్టుకి కుడిపక్కన చిన్న మ్యాప్ ప్యానెల్ ఆనుకుని రావాలి. దానికోసం లిస్టు వెడల్పు జావాస్క్రిప్ట్‌లో తీసుకుంటున్నా.

సీఎస్ఎస్‌లో విడ్త్ 300 పిక్సెల్స్, ప్యాడింగ్ (లోపలి ఖాళీ) 12, బోర్డర్ 1, బాక్స్ సైజింగ్ బోర్డర్‌బాక్స్ (అంటే విడ్త్‌లోనే ప్యాడింగ్, బోర్డర్ కలిసి ఉంటాయి). ఆఫ్‌సెట్‌విడ్త్ అడిగితే 300 వస్తోంది. క్లయింట్‌విడ్త్ అడిగితే 283. గెట్‌బౌండింగ్‌క్లయింట్‌రెక్ట్ ఒకసారి 285 అంటుంది, ఇంకోసారి 291 చిల్లర అంటుంది. స్క్రోల్‌విడ్త్ 346. మా టీమ్‌లో మ్యాక్ వాడే అమ్మాయికి క్లయింట్‌విడ్త్ 298 వస్తోంది. కోడ్ అదే, బ్రౌజర్ అదే.

ఇంకో సమస్య. ఒక్కో పేరు ఎత్తు కొలిస్తే 19 పిక్సెల్స్ అని వస్తోంది కానీ తెలుగు అక్షరం అందులో పట్టట్లేదు. 'ఉప్పల్'లో ప ఒత్తు కింద సగం తెగిపోతోంది. ఫాంట్ సైజు 16, లైన్ హైట్ 1.2, ఓవర్‌ఫ్లో హిడెన్.

బుధవారం డెమో ఉంది, కాస్త టెన్షన్‌గా ఉంది. దేన్ని నమ్మాలో చెప్పండి.

నల్లకుంట_జేఎస్ | ఉదయం 10:58

తమ్ముడూ, ఆఫ్‌సెట్‌విడ్త్ తీసుకో, పని అయిపోతుంది. పక్కన ప్యానెల్ పెట్టాలంటే బోర్డర్‌తో సహా బయటి వెడల్పు కావాలి, ఇచ్చేది అదే. మిగతా వాటితో బుర్ర పాడుచేసుకోకు. ఒత్తుల సంగతి అంటావా, లైన్ హైట్ పెంచి చూడు.

పిక్సెల్_అక్క | ఉదయం 11:35

నల్లకుంట గారు చెప్పింది ఈ పనికి సరిపోతుంది. కానీ ఎందుకు సరిపోతుందో తెలియకపోతే రేపు ఇంకో పేజీలో మళ్లీ ఇదే గోల. ఒక్కో అంకె ఎక్కణ్నుంచి వచ్చిందో చూద్దాం. మీకు వచ్చిన వాటిలో తప్పు అంకె ఒక్కటీ లేదు. మీరు అడిగిన ప్రశ్నలే వేరువేరు.

ఆఫ్‌సెట్‌విడ్త్ అంటే ఎడమ బోర్డర్ బయటి అంచు నుంచి కుడి బోర్డర్ బయటి అంచు దాకా. లోపలి కంటెంట్, ప్యాడింగ్, స్క్రోల్‌బార్, బోర్డర్ అన్నీ కలుస్తాయి, మార్జిన్ మాత్రం కలవదు. మీరు బోర్డర్‌బాక్స్ పెట్టారు కాబట్టి రాసిన 300 రాసినట్టే వచ్చింది. అది లేకుండా ఉంటే 300కి ప్యాడింగ్ 24, బోర్డర్ 2 కలిసి 326 అయ్యేది.

క్లయింట్‌విడ్త్ బోర్డర్ లోపలి నుంచి లెక్క మొదలుపెడుతుంది. ప్యాడింగ్ ఉంటుంది. బోర్డర్ ఉండదు, స్క్రోల్‌బార్ తీసుకున్న చోటూ ఉండదు. 300లో బోర్డర్లు 2 తీసేస్తే 298. మీ విండోస్ మెషీన్లో స్క్రోల్‌బార్ 15 తీసుకుంటోంది, అందుకే 283. మ్యాక్‌లో మామూలుగా స్క్రోల్‌బార్ కంటెంట్ పైనే తేలుతుంది, చోటు తీసుకోదు, అందుకే ఆమెకు 298. 'స్క్రోల్‌బార్ ఎప్పుడూ చూపించు' అనే సెట్టింగ్ ఆన్ చేసి చూడమనండి, ఆమెకూ తగ్గుతుంది.

స్క్రోల్‌విడ్త్ 346 అంటే లోపల ఉన్న అతి పొడుగు పేరు పూర్తిగా పట్టాలంటే కావాల్సిన వెడల్పు. 'మహాత్మా గాంధీ బస్ స్టేషన్' లాంటిది ఏదో లైన్ విరగకుండా ఉండి ఉంటుంది, చూసుకోండి.

ఇక 285. ఇది 283కి దగ్గరగా ఉంది కదా అని రెండూ ఒకే కారణం అనుకోవద్దు, దానికీ దీనికీ సంబంధమే లేదు. లిస్టు తెరుచుకునేటప్పుడు స్కేల్ 0.95 నుంచి 1కి పెరిగే యానిమేషన్ పెట్టారా? 300ని 0.95తో గుణిస్తే కచ్చితంగా 285. గెట్‌బౌండింగ్‌క్లయింట్‌రెక్ట్ (ఇకపై రెక్ట్ అంటాను) ట్రాన్స్‌ఫామ్, అంటే స్కేల్ చేయడం, తిప్పడం లాంటివి, అయ్యాక స్క్రీన్ మీద కనిపించే సైజు చెబుతుంది. యానిమేషన్ మొదట్లో అడిగితే 285, మధ్యలో అడిగితే 291 చిల్లర, అయిపోయాక అడిగితే 300. ఆఫ్‌సెట్‌విడ్త్‌కి ట్రాన్స్‌ఫామ్‌తో పని లేదు. లేఅవుట్‌లో ఆ బాక్స్‌కి ఎంత చోటు కేటాయించారో అదే చెబుతుంది. స్కేల్ ఎంతున్నా 300.

కాబట్టి పక్కన ఇంకో ఎలిమెంట్‌ని లేఅవుట్‌లో సర్దాలంటే ఆఫ్‌సెట్‌విడ్త్. యూజర్ కంటికి ఈ క్షణం ఎక్కడ కనిపిస్తోందో, దాని నెత్తిన టూల్‌టిప్ పెట్టాలంటే రెక్ట్. ఒకటి గుర్తుంచుకోండి, తిప్పిన ఎలిమెంట్‌కి రెక్ట్ ఇచ్చేది దాని చుట్టూ పట్టే, తిరగని నిటారు బాక్స్ సైజు. 100 బై 100 చతురస్రాన్ని 45 డిగ్రీలు తిప్పితే రెక్ట్ విడ్త్ 141.42 వస్తుంది.

లక్డీకాపూల్_డెవ్ | మధ్యాహ్నం 12:10

అక్కా, యానిమేషన్ ఉంది! కచ్చితంగా 0.95 నుంచే. డిజైన్ లైబ్రరీలో డిఫాల్ట్‌గా వచ్చింది, నేను దాని వైపే చూడలేదు. యానిమేషన్ తీసేస్తే రెక్ట్ కూడా 300 చెబుతోంది.

ఇంకో అనుమానం. ప్యానెల్ స్క్రీన్ దాటిపోతుందా లేదా చూడ్డానికి విండో ఇన్నర్‌విడ్త్‌తో పోలుస్తున్నా. నా దగ్గర కుడివైపు కొంచెం పేజీ స్క్రోల్‌బార్ కిందికి పోతోంది.

పిక్సెల్_అక్క | మధ్యాహ్నం 12:24

ఇన్నర్‌విడ్త్‌లో పేజీ స్క్రోల్‌బార్ కూడా కలిసి ఉంటుంది. మీకు కావాల్సింది డాక్యుమెంట్ ఎలిమెంట్ క్లయింట్‌విడ్త్, అందులో స్క్రోల్‌బార్ ఉండదు. 100 వీడబ్ల్యూ (విండో వెడల్పంతా) అని రాసిన చోట విండోస్‌లో అడ్డంగా స్క్రోల్ రావడానికి కూడా ఇదే కారణం, ఆ యూనిట్ స్క్రోల్‌బార్‌ని లెక్కలోంచి తీసేయదు. లిస్టు పెరిగి తరిగినప్పుడు పేజీ అటూ ఇటూ కదలకుండా ఉండాలంటే స్క్రోల్‌బార్ గటర్‌ని (దానికి ముందే చోటు వదిలే సీఎస్ఎస్ సెట్టింగ్) స్టేబుల్ అని పెట్టండి.

పాతకాపు_సికింద్రాబాద్ | మధ్యాహ్నం 1:50

ఈ ప్రశ్న నేను జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ రోజుల నుంచి వింటున్నాను. అప్పట్లో విడ్త్, ఇన్నర్‌విడ్త్, ఔటర్‌విడ్త్ అని మూడు ఉండేవి. ఔటర్‌విడ్త్‌కి ట్రూ అని ఇస్తే మార్జిన్ కూడా కలిపి ఇచ్చేది. బ్రౌజర్ సొంతంగా ఇచ్చే వాటిలో మార్జిన్ కలిపేది ఇప్పటికీ ఏదీ లేదు. గెట్‌కంప్యూటెడ్‌స్టైల్ నుంచి చదివి మనమే కలుపుకోవాలి. అది '12పీఎక్స్' అని అక్షరాల రూపంలో ఇస్తుంది, పార్స్‌ఫ్లోట్ చేయకుండా కూడితే అంకెలు ఒకదాని పక్కన ఒకటి అతుక్కుపోతాయి.

అంతకంటే వెనక్కి వెళ్తే, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5లో విడ్త్ అంటే ప్యాడింగ్, బోర్డర్ కలుపుకునే ఉండేది. సీఎస్ఎస్ ప్రమాణం వేరేగా చెప్పింది. 2001లో ఐఈ 6 వచ్చాక పేజీ మొదట్లో డాక్‌టైప్ లైన్ సరిగ్గా ఉంటే ప్రమాణం ప్రకారం, లేకపోతే పాత పద్ధతిలో లెక్కకట్టేది. ఒక లైన్ ఉండడం, లేకపోవడం వల్ల పేజీ మొత్తం లేఅవుట్ మారిపోయేది. ఈరోజు మనం ప్రతి ప్రాజెక్టులో మొదటి లైన్లలోనే బోర్డర్‌బాక్స్ అని రాసుకుంటున్నాం, అంటే పాత ఐఈ లెక్కనే కోరి తెచ్చుకుంటున్నాం. నా ఉద్దేశంలో అది సరైన లెక్కే. విడ్త్ 300 అని రాసినవాడికి 300 బాక్స్ రావాలి.

నేను అసలు చెప్పాలనుకున్నది దశాంశాల గురించి. ఆఫ్‌సెట్, క్లయింట్, స్క్రోల్ ఈ మూడూ పూర్ణాంకాలే ఇస్తాయి, చిల్లర ఉంటే రౌండ్ చేసేస్తాయి. 1000 పిక్సెల్స్‌లో మూడు సమాన కాలమ్స్ పెడితే ఒక్కోటి 333.33. ఆఫ్‌సెట్‌విడ్త్ 333 అంటుంది, మూడూ కూడితే 999. అదే 200లో మూడు పెడితే 66.67, అది 67 అంటుంది, కూడితే 201. ఆ అంకెలనే తిరిగి స్టైల్‌గా రాస్తే మూడో కాలమ్ కింది లైన్లోకి జారిపోతుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లు చాలావరకు విండోస్ 125 శాతం స్కేలింగ్‌లో ఉంటాయి కదా, అక్కడ 1 పిక్సెల్ బోర్డర్ కూడా క్రోమ్‌లో 0.8గా లెక్కకి వస్తుంది. అందుకని కూడికలు, పంపకాలు చేయాల్సిన చోట రెక్ట్ వాడాలి. ట్రాన్స్‌ఫామ్ లేదని ముందు చూసుకోవాలి.

నల్లకుంట_జేఎస్ | మధ్యాహ్నం 2:05

సార్, ఒప్పుకుంటాను, కాలమ్స్ పంచేటప్పుడు రెక్టే వాడాలి. ఒక్క డ్రాప్‌డౌన్‌కి మాత్రం అరపిక్సెల్ తేడా ఎవరి కంటికీ ఆనదు.

పాతకాపు_సికింద్రాబాద్ | మధ్యాహ్నం 2:31

డ్రాప్‌డౌన్‌కి ఆనదు. పేరు చివర మూడు చుక్కలు వచ్చాయా లేదా అని పట్టుకోవడంలో మాత్రం ఆనుతుంది. అందరం స్క్రోల్‌విడ్త్ క్లయింట్‌విడ్త్ కంటే ఎక్కువా అని చూస్తాం. పేరుకి 259.4 కావాలి, ఉన్న చోటు 259.1 అనుకోండి. రెండూ 259కే రౌండ్ అవుతాయి. కోడ్ 'తెగలేదు' అంటుంది, స్క్రీన్ మీద చుక్కలు కనిపిస్తాయి, పూర్తి పేరు చూపించే టూల్‌టిప్ మాత్రం రాదు. ఇలాంటి చోట అదే ఫాంటుతో అదే పేరుని కనిపించని ఇన్‌లైన్‌బ్లాక్‌లో పెట్టి, దాని రెక్ట్ విడ్త్‌ని అసలు చోటుతో పోల్చుకోవాలి.

అమీర్‌పేట_ఫ్రెషర్ | మధ్యాహ్నం 3:15

అక్కా, సార్, నేను కోర్సు చేస్తున్నా, కొత్తగా నేర్చుకుంటున్నా. నాకు ఒక పాపప్‌కి ఏది అడిగినా 0 వస్తోంది. ఇంకో చోట స్పాన్‌కి ఆఫ్‌సెట్‌విడ్త్ వస్తోంది కానీ క్లయింట్‌విడ్త్ 0. రియాక్ట్‌లో యూజ్‌ఎఫెక్ట్‌లో కొలుస్తున్నా, పాపప్ ఒక్క క్షణం తప్పు చోట కనిపించి తర్వాత సరైన చోటికి దూకుతోంది.

పిక్సెల్_అక్క | మధ్యాహ్నం 3:40

పాపప్ డిస్‌ప్లే నన్‌లో ఉండి ఉంటుంది. దానికీ, దాని లోపల ఉన్నవాటికీ బాక్సే ఉండదు, కాబట్టి అన్నీ 0. చూపించకుండా కొలవాలంటే విజిబిలిటీ హిడెన్, పొజిషన్ యాబ్సల్యూట్ పెట్టు. అప్పుడు బాక్స్ తయారవుతుంది, కంటికి కనపడదు, పక్కవాటిని కదిలించదు.

స్పాన్ ఇన్‌లైన్ ఎలిమెంట్. ఇన్‌లైన్ వాటికి క్లయింట్‌విడ్త్ 0 అనే ప్రమాణంలో రాసి ఉంది. అది రెండు లైన్లలోకి విరిగితే రెక్ట్ కూడా రెండు లైన్లనీ చుట్టేసిన పెద్ద బాక్స్ ఇస్తుంది. లైన్ లైన్‌కీ విడిగా కావాలంటే గెట్‌క్లయింట్‌రెక్ట్స్.

ఆ దూకుడు పోవాలంటే యూజ్‌లేఅవుట్‌ఎఫెక్ట్‌కి మార్చు. అది డామ్ (పేజీలోని ఎలిమెంట్ల చెట్టు) మారాక, స్క్రీన్ మీద గీయకముందే నడుస్తుంది. యూజ్‌ఎఫెక్ట్ మామూలుగా గీశాక నడుస్తుంది, అందుకే నీకు రెండు చోట్లా కనిపిస్తోంది.

గ్రిడ్_గోపన్‌పల్లి | సాయంత్రం 5:02

అందరూ ఎలా కొలవాలో చెబుతున్నారు, అసలు కొలవాలా అని నా ప్రశ్న. లక్డీకాపూల్ గారి లిస్టునీ ప్యానెల్‌నీ ఒకే ఫ్లెక్స్ కంటైనర్‌లో (లోపలివాటిని పక్కపక్కన పేర్చే సీఎస్ఎస్ లేఅవుట్) పెడితే ప్యానెల్ తనంతట తానే పక్కన ఆనుకుంటుంది. జావాస్క్రిప్ట్ ఒక్క లైన్ అక్కర్లేదు. లిస్టు సెర్చ్ బాక్స్ అంత వెడల్పు ఉండాలంటే పేరెంట్‌ని రిలేటివ్ చేసి, మిన్ విడ్త్ 100 శాతం ఇవ్వండి.

చోటు తక్కువైతే ప్యానెల్ కిందికి రావాలా? దానికి కంటైనర్ క్వెరీలు ఉన్నాయి, కంటైనర్ వెడల్పుని బట్టి స్టైల్ మారుస్తాయి. క్రోమ్ 105, సఫారీ 16లో 2022లోనే వచ్చాయి, ఫైర్‌ఫాక్స్ 110లో 2023లో వచ్చాయి. నిజంగా జావాస్క్రిప్ట్‌లో కొలవాల్సిన సందర్భాలు మనం అనుకునేదానికంటే చాలా తక్కువ. కొలిచిన ప్రతి అంకెనీ ఆ తర్వాత ఎవరో ఒకరు తాజాగా ఉంచుతూ ఉండాలి. ఫోన్ తిప్పితే, ఫాంట్ లోడ్ అయితే, భాష మారితే అది పాతబడుతుంది. సీఎస్ఎస్‌కి వదిలేస్తే ఆ బాధ్యత బ్రౌజర్‌ది.

లక్డీకాపూల్_డెవ్ | సాయంత్రం 5:20

ఫ్లెక్స్‌తో ప్యానెల్ నిజంగానే ఆనుకుంది, థాంక్స్ అండీ. కానీ మ్యాప్ క్యాన్వాస్ మీద గీస్తున్నాం. క్యాన్వాస్‌కి సైజు అంకెల్లో ఇవ్వాల్సిందే కదా. ఇవ్వకపోతే గీతలు మసకగా వస్తున్నాయి.

గ్రిడ్_గోపన్‌పల్లి | సాయంత్రం 5:33

అక్కడ కొలవాల్సిందే, కాదనను. రీసైజ్‌అబ్జర్వర్ పెట్టండి. విండో రీసైజ్ ఈవెంట్ విండో మారినప్పుడే వస్తుంది, మీ ప్యానెల్ ఒక్కటే మారితే రాదు. అబ్జర్వర్ ఎలిమెంట్‌ని పట్టుకుని ఉంటుంది, అబ్జర్వ్ అనగానే మొదటి కొలత కూడా ఇచ్చేస్తుంది. మూడు పెద్ద బ్రౌజర్లలోనూ 2020 నుంచి ఉంది.

అందులో కంటెంట్‌రెక్ట్ ప్యాడింగ్ లేకుండా లోపలి సైజు ఇస్తుంది. బోర్డర్‌తో కావాలంటే బోర్డర్‌బాక్స్‌సైజ్ చదవండి, అది అర్రే రూపంలో వస్తుంది, మొదటిది తీసుకోవాలి. క్యాన్వాస్ అసలు విడ్త్‌ని ఆ సైజు ఇంటూ డివైస్‌పిక్సెల్‌రేషియోగా (ఒక సీఎస్ఎస్ పిక్సెల్‌కి స్క్రీన్‌లో ఎన్ని పిక్సెల్సో చెప్పే అంకె) పెట్టి, సీఎస్ఎస్ సైజు మామూలుగా ఉంచితే గీతలు పదునుగా వస్తాయి. కాల్‌బ్యాక్ లోపల మళ్లీ ఆ ఎలిమెంట్ సైజే మార్చకండి. మారిస్తే కన్సోల్‌లో రీసైజ్‌అబ్జర్వర్ లూప్ అని ఎర్రర్ వస్తుంది. ట్రాన్స్‌ఫామ్ మారితే అబ్జర్వర్ పలకదు, మీ యానిమేషన్‌కి అది మంచిదే.

అమీర్‌పేట_ఫ్రెషర్ | సాయంత్రం 6:10

మ్యాప్ క్యాన్వాస్ బదులు ఎస్‌వీజీలో చేస్తే ఎలా కొలుస్తారు? నేను ట్రై చేస్తే ఆఫ్‌సెట్‌విడ్త్ అన్‌డిఫైన్డ్ అంటోంది.

పిక్సెల్_అక్క | సాయంత్రం 6:18

ఆఫ్‌సెట్‌విడ్త్ హెచ్‌టీఎమ్ఎల్ ఎలిమెంట్లకే. ఎస్‌వీజీ లోపల గెట్‌బీబాక్స్ వాడాలి, అది డ్రాయింగ్ సొంత యూనిట్లలో ఇస్తుంది. గీత మందం అందులో కలవదు. స్క్రీన్ పిక్సెల్స్ కావాలంటే మళ్లీ రెక్టే.

పాతకాపు_సికింద్రాబాద్ | రాత్రి 8:45

ఒత్తుల సంగతి ఎవరూ ముట్టుకోలేదు. నా దృష్టిలో ఈ చర్చలో అసలైన ప్రశ్న అదే. తెలుగు సైట్లలో ఏళ్ల తరబడి చూస్తున్న జబ్బు ఇది. బటన్ మీద, ట్యాబ్ మీద, న్యూస్ కార్డు హెడ్‌లైన్ మీద కింద ఒత్తులు తెగిపోయి ఉంటాయి. ఇంగ్లిష్ డిజైన్ తెచ్చి లోపల తెలుగు పోయడమే కారణం.

ఇప్పటిదాకా మాట్లాడుకున్న కొలతలన్నీ బాక్స్ కొలతలు. అక్షరం గీతలు నిజంగా ఎక్కడిదాకా వెళ్లాయో ఏదీ చెప్పదు. లైన్ హైట్ 1.2 అని అంకె ఇచ్చారు కాబట్టి 16కి 19.2, ఆ బాక్స్ ఎత్తు రౌండ్ అయి 19. లోపల ఏ లిపి ఉన్నా అంతే. ఇంగ్లిష్‌కి సరిపోయింది. తెలుగులో పైన గుడి, ఏత్వం, కింద ఒత్తు, 'స్త్రీ' లాంటి చోట రెండు ఒత్తులు ఉంటాయి. వాటికి ఆ 19 చాలదు. ఓవర్‌ఫ్లో హిడెన్ లేకపోతే అక్షరం బాక్స్ దాటి కనిపిస్తుంది. ఉంటే కత్తిరించేస్తుంది.

స్క్రోల్‌హైట్‌తో పట్టుకుందామంటే అదీ నమ్మకం కాదు. ఫాంటు తన గురించి చెప్పుకున్న పై ఎత్తు, కింది లోతులతో బ్రౌజర్ లెక్క వేస్తుంది. దాన్ని కూడా దాటి గీతలు దిగితే అది ఇంక్ ఓవర్‌ఫ్లో కిందికి వస్తుంది. స్క్రోల్ లెక్కలో దానికి చోటు లేదు.

నిజంగా అక్షరం లోతు కొలవాలంటే క్యాన్వాస్ మెజర్‌టెక్స్ట్ ఉంది. అది విడ్త్ ఒక్కటే ఇస్తుందని చాలామంది అనుకుంటారు. యాక్చువల్‌బౌండింగ్‌బాక్స్‌అసెంట్, యాక్చువల్‌బౌండింగ్‌బాక్స్‌డిసెంట్ కూడా ఇస్తుంది. బేస్‌లైన్ నుంచి గీతలు పైకి ఎంత, కిందికి ఎంత అనేది ఆ రెండూ చెబుతాయి. మీ స్టేషన్ల పేర్లన్నీ దాంట్లో పోసి, గరిష్ఠం ఎంతో చూసి, లైన్ హైట్ దాని ప్రకారం పెట్టండి. కొలిచే ముందు ఫాంట్ లోడ్ అయిందని రూఢి చేసుకోండి. డాక్యుమెంట్ ఫాంట్స్ రెడీ అనే ప్రామిస్ ఉంది, అది తీరాకే కొలవాలి.

లక్డీకాపూల్_డెవ్ | రాత్రి 9:12

సార్, ఇది నాకు ఎక్కడా దొరకని సమాచారం. ఇప్పుడే మెజర్‌టెక్స్ట్ పెట్టి చూస్తున్నా. ఒక వింత ఉంది. 'కూకట్‌పల్లి' డేటాలో రెండు చోట్ల ఉంది, రెండింటికీ వేరువేరు వెడల్పు, వేరువేరు లోతు వస్తున్నాయి.

పాతకాపు_సికింద్రాబాద్ | రాత్రి 9:30

ఒకదాంట్లో ట్ తర్వాత కనపడని జీరో విడ్త్ నాన్‌జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) ఉండి ఉంటుంది, రెండోదాంట్లో ఉండదు. ఉంటే 'ట్' పొల్లుతో నిలబడి 'ప' పక్కన వస్తుంది. లేకపోతే 'ప' ఒత్తుగా మారి ట కిందికి వెళ్తుంది. మొదటిది వెడల్పు, రెండోది లోతు. అమీర్‌పేట్, మలక్‌పేట్, దిల్‌సుఖ్‌నగర్ అన్నింటిలోనూ ఇదే చిక్కు వస్తుంది. డేటాలో ఒకే పద్ధతికి తెచ్చుకోండి. కొలతకే కాదు, సెర్చ్‌కి కూడా అవసరం. నాన్‌జాయినర్ లేకుండా కొట్టినవాళ్లకి స్టేషన్ దొరకాలి కదా.

పేరు పొడుగుని స్ట్రింగ్ లెంగ్త్‌తో అంచనా వేయకండి. 'స్త్రీ' కంటికి ఒక్క అక్షరం, లెంగ్త్ అడిగితే 6. 'ఉప్పల్' కూడా 6. స్క్రీన్ మీద వాటి వెడల్పులకి పోలికే లేదు. 20 అక్షరాలు దాటితే కత్తిరించు అని రాసిన కోడ్ తెలుగులో పొల్లు దగ్గరో, గుణింతం ముందో నరుకుతుంది.

చార్మినార్_ఫ్రంటెండ్ | రాత్రి 10:05

భాయ్, ఉర్దూ కూడా ఉందన్నారు కాబట్టి చెబుతున్నా. తెలంగాణలో ఉర్దూ రెండో అధికార భాష, కానీ సైట్లలో దానికి దక్కే శ్రద్ధ తక్కువ. మీరు మొదట్నుంచీ పెట్టుకున్నందుకు సంతోషం.

ఉర్దూ రాసే నస్తలీక్ లిపిలో పదం కుడిపైన మొదలై ఎడమకి వస్తూ ఏటవాలుగా కిందికి దిగుతుంది. అందుకే పొడుగు పదం ఎత్తు కూడా ఎక్కువ తీసుకుంటుంది. తెలుగు కోసం పెంచిన లైన్ హైట్ కూడా చాలకపోవచ్చు. నోటో నస్తలీక్ ఉర్దూ ఫాంటు పెట్టి, ఉర్దూకి విడిగా లైన్ హైట్ ఇవ్వండి. నేను 2 కంటే తక్కువ ఎప్పుడూ పెట్టను.

ఇంకోటి. పేజీ కుడి నుంచి ఎడమకి తిరిగినప్పుడు స్క్రోల్‌లెఫ్ట్ 0 దగ్గర మొదలై మైనస్‌లోకి వెళ్తుంది. ప్యానెల్ కూడా లిస్టుకి ఎడమపక్కన రావాలి. ఫ్లెక్స్‌లో ఉంచారు కాబట్టి డైరెక్షన్ మార్చగానే అదే తిరుగుతుంది. మార్జిన్లు లెఫ్ట్, రైట్ అని కాకుండా ఇన్‌లైన్ స్టార్ట్, ఇన్‌లైన్ ఎండ్ అని రాసుకోండి.

నల్లకుంట_జేఎస్ | మంగళవారం, ఉదయం 9:20

నిన్న రాత్రి ఇది చదివాక ఒకటి చెప్పాలనిపించింది. తమ్ముడు అన్ని పేర్లనీ కొలిచి ఎత్తు పెట్టబోతున్నాడు. లూప్‌లో ఒక్కో ఐటమ్‌కీ ఎత్తు చదివి, వెంటనే స్టైల్ రాసి, తర్వాతిదానికి వెళ్లొద్దు. స్టైల్ రాయగానే లేఅవుట్ పాతబడుతుంది. వెంటనే ఆఫ్‌సెట్‌హైట్ అడిగితే బ్రౌజర్ అక్కడికక్కడ లేఅవుట్ మొత్తం మళ్లీ లెక్క వేయాలి. బస్ స్టాపులు కలిస్తే వందల పేర్లు, వందల లేఅవుట్లు. 60 హెర్ట్జ్ స్క్రీన్‌కి ఒక్కో ఫ్రేముకి ఉండేది 16.7 మిల్లీసెకన్లు. మన ల్యాప్‌టాప్‌లో తెలియదు, బస్టాపులో నిలబడి తక్కువ ధర ఫోన్లో వెతికే మనిషికి తెలుస్తుంది, అతని కోసమే కదా ఈ పేజీ. ముందు అన్నీ చదువు, అర్రేలో పెట్టుకో, తర్వాత అన్నీ ఒకేసారి రాయి.

లక్డీకాపూల్_డెవ్ | మంగళవారం, సాయంత్రం 4:48

చేసింది చెబుతున్నా. ప్యానెల్ ఫ్లెక్స్‌లోకి వెళ్లింది, వెడల్పు కొలిచే కోడ్ మొత్తం తీసేశా. క్యాన్వాస్‌కి మాత్రం రీసైజ్‌అబ్జర్వర్. పేర్లని పేజీలో అసలు కొలవట్లేదు. చిన్న స్క్రిప్టు రాసి మెజర్‌టెక్స్ట్‌తో అన్ని పేర్లనీ ముందే ఒకసారి చూసుకుని, తెలుగుకి లైన్ హైట్ 1.7, ఉర్దూకి 2.2 ఖాయం చేశా. ఐటమ్ మీద ఓవర్‌ఫ్లో హిడెన్ తీసేసి, చుక్కలు అవసరమైన లోపలి స్పాన్‌కి మాత్రమే ఉంచా, దానికి పైనా కిందా కాస్త ప్యాడింగ్ ఇచ్చా. 'ఉప్పల్' పూర్తిగా కనిపిస్తోంది. నాన్‌జాయినర్లు డేటాలో ఒకే పద్ధతికి తెచ్చా, సెర్చ్ చేసేటప్పుడు రెండు వైపులా తీసేసి పోలుస్తున్నా.

ఒక్కటి మిగిలింది. పేజీ తెరిచిన మొదటి క్షణం ఫాంట్ మారేటప్పుడు లిస్టు కొంచెం కదులుతోంది.

పిక్సెల్_అక్క | మంగళవారం, సాయంత్రం 5:15

ఫాంట్ డిస్‌ప్లే స్వాప్ పెట్టారు కదా, ముందు సిస్టమ్ ఫాంటుతో చూపించి తర్వాత మీ ఫాంటుకి మారుతుంది. విండోస్‌లో ముందొచ్చేది నిర్మల యూఐ, ఆండ్రాయిడ్‌లో నోటో. ఒక్కోదాని వెడల్పు ఒక్కో రకం. లైన్ హైట్ అంకెలో ఇచ్చారు కాబట్టి ఒక్కో లైన్ ఎత్తు మారదు. వెడల్పు మారి ఏదో పేరు రెండో లైన్లోకి విరిగి ఉంటుంది. తెలుగు ఫాంట్ ఫైల్‌ని ప్రీలోడ్ చేయండి. పేర్లు విరగకుండా నోర్యాప్ ఉంచండి.

ఐటమ్ ఎత్తు పిక్సెల్స్‌లో ఎక్కడైనా రాసి ఉంటే తీసి ఈఎమ్‌లో (ఫాంట్ సైజుతో పాటు మారే కొలత) పెట్టండి. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో అక్షరాలు పెద్దవి చేసుకున్నవాళ్లకి ఎత్తు పిక్సెల్స్‌లో బిగిసిపోయి ఉంటే ఒత్తులు మళ్లీ తెగుతాయి. డెమోకి ముందు 125 శాతం స్కేలింగ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఒకసారి, పెద్ద అక్షరాల సెట్టింగ్‌లో ఒకసారి మూడు భాషలూ తిప్పి చూసుకోండి.